అదే ఫుట్‌నోటు, ముప్పై ఒకటోసారి

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు మా అక్క తన లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, "ఒరేయ్, ఒకసారి ఇచ్చిన ఫుట్‌నోటునే మళ్ళీ ఇంకో చోట ఇవ్వాలంటే ఎలాగరా?" అని అడిగింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న పాపానికి ఇంట్లోవాళ్ళు నాకు అప్పజెప్పే పనులు మామూలుగా ప్రింటర్ కదలట్లేదనో, నాన్న ఫోన్లో ఫొటోలు నిండిపోయాయనో ఉంటాయి. వాటితో పోలిస్తే ఇదేదో కాస్త గౌరవంగా ఉందే అనిపించింది. "ఐదు నిమిషాల పని" అన్నాను. భోగి నాడు మొదలెడితే కనుమ దాకా పట్టింది. ఆ తర్వాత అక్కకి ఇంకో ఆర్నెల్లు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పడానికే ఇదంతా. మధ్యలో బోలెడు చరిత్ర వస్తుంది, కాస్త ఓపిక పట్టాలి మరి.

అక్క డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతుంది. పీహెచ్‌డీ చేస్తున్నది గుంటూరు ప్రాంతంలో 1832-33లో వచ్చిన కరువు మీద. నందన నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి నందన కరువంటారు, డొక్కల కరువనీ అంటారు. మాది ఆ వైపే. చిన్నప్పుడు అన్నం మీద ఆత్రపడితే మా నాయనమ్మ "డొక్కల కరువులోంచి వచ్చావేంట్రా" అనేది. అదేదో తిట్టనుకునేవాణ్ణి గానీ, దాని వెనక నిజంగా జరిగిన కరువొకటుందని అక్క చెప్పేదాకా నాకు తెలీదు.

ఆవిడ ముఖ్యంగా ఆధారపడ్డ పుస్తకం గార్డన్ మెకంజీ అనే సివిల్ సర్వీసు దొర కూర్చిన కృష్ణా జిల్లా మాన్యువల్, 1883లో అచ్చయింది. గుంటూరు కరువుకి కృష్ణా జిల్లా పుస్తకమేంటి అని నాకూ అనుమానం వచ్చింది. 1859లో గుంటూరు జిల్లాని మచిలీపట్నం జిల్లాతో కలిపేసి కృష్ణా జిల్లా అన్నారట. మళ్ళీ గుంటూరు విడిగా జిల్లా అయింది 1904లో. కాబట్టి 1883లో గుంటూరు సంగతులు కావాలంటే కృష్ణా జిల్లా పుస్తకంలోనే వెతుక్కోవాలన్నమాట.

సరే, ఫైలు తెరిచి చూశాను. ఒకే పుస్తకం, ఒకే పుటలు, ఆ నోటు మళ్ళీ మళ్ళీ వస్తోంది. అక్క దాన్ని మూడు రకాలుగా ఇచ్చింది. కొన్నిచోట్ల మొత్తం నోటుని కాపీ చేసి అతికించింది. కొన్నిచోట్ల 'ఐబిడ్' అని వదిలేసింది. కొన్నిచోట్లయితే పాత నోటు అంకె 7 కదా అని, చేత్తో 7 కొట్టి, దాన్ని చిన్నది చేసి పైకి ఎక్కించింది. చూడ్డానికి అచ్చం ఫుట్‌నోటులాగే ఉంటుంది. కానీ ముందు ఇంకో మూడు నోట్లు చేర్చగానే అసలు 7 కాస్తా 10 అయిపోయింది, చేత్తో కొట్టినవి మాత్రం 7 దగ్గరే నిలబడిపోయి వేరే పుస్తకాన్ని చూపిస్తున్నాయి. మా ఆఫీసులో ఇలా చేస్తే కోడ్ రివ్యూలో చీవాట్లు పడతాయి. అక్క కాబట్టి ఊరుకున్నాను :)

దీనికి వర్డ్‌లో పద్ధతి ఉంది. తెలిసినవాళ్ళు ఈ పేరా దాటేయొచ్చు. రెండోసారి అంకె రావాల్సిన చోట కర్సర్ పెట్టి, రిఫరెన్సెస్ మెనూలో క్రాస్-రిఫరెన్స్ తీసి, రకం ఫుట్‌నోట్ అని ఎంచుకుని, 'ఫుట్‌నోట్ నంబర్ (ఫార్మాటెడ్)' అనేదాన్ని చేర్చాలి. అప్పుడు వర్డ్ మొదటి నోటు అంకె చుట్టూ కంటికి కనబడని బుక్‌మార్క్ ఒకటి పెట్టుకుని, రెండో చోట నోట్‌రెఫ్ అనే ఫీల్డ్ పెడుతుంది. ముందు నోట్లు చేర్చినా తీసేసినా, మొత్తం సెలెక్ట్ చేసి ఎఫ్9 నొక్కితే అంకెలన్నీ సర్దుకుంటాయి. నొక్కడం మర్చిపోతే సర్దుకోవు. మొదటి నోటునే తీసేస్తే మిగతావన్నీ 'ఎర్రర్' అని అరుస్తాయి. లిబ్రాఫీసులోనూ ఇలాంటి సదుపాయమే ఉంది, కాకపోతే అంకెని పైకెక్కించే పని మనమే చేసుకోవాలి. లేటెక్ వాడేవాళ్ళకి ఫుట్‌మిస్క్ ప్యాకేజీ ఉంది.

గర్వంగా చేసి చూపించాను. అక్క రెండు పేజీలు ముందుకెళ్ళి, "అంకె ఉంది, నోటేదిరా?" అంది.

నిజమే. నోటు 94వ పేజీ కింద ఉంది. 97వ పేజీలో అంకె కనిపిస్తుంది గానీ కింద ఏమీ ఉండదు. చదివేవాడు వెనక్కి తిప్పుకోవాల్సిందే. ఇది వర్డ్ తప్పు కాదు. ఒకే సమాచారాన్ని పదిచోట్ల రాయొద్దు, ఒకచోట పెట్టి మిగతాచోట్ల దాన్ని చూపించు అని మాకు మొదటి ఏడాదే నేర్పుతారు. డేటాబేసుల్లో అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కానీ ఫుట్‌నోటు కట్టుబడి ఉండేది కాగితానికి. చూపు కిందికి దించితే దొరకాలి, అందుకేగా దాన్ని పేజీ అడుగున పెట్టింది. ఒకే నోటు రెండు పేజీల అడుగునా ఉండాలంటే రెండుసార్లు అచ్చు వెయ్యాల్సిందే.

మరి ఈ కంప్యూటర్లు రాకముందు ఏం చేసేవారు? అక్కని అడిగాను, కొన్ని పుస్తకాలు ఇచ్చింది, కొన్ని నేనే వెతుక్కున్నాను. ఆ పండగ మూడు రోజులూ గాలిపటాలు ఎగరెయ్యకుండా నేను చేసిన పని ఇదే.

అన్నిటికంటే నాకు నచ్చింది మన పక్కనే దొరికింది. మెదక్ జిల్లా కొల్చారం ఊరివాడు మల్లినాథసూరి. 14-15 శతాబ్దాల వాడు. కాళిదాసు కావ్యాలకి ఆయన రాసిన సంజీవని వ్యాఖ్య లేకుండా సంస్కృతం క్లాసుల్లో ఇప్పటికీ పని జరగదు. ఆయన వ్యాఖ్యలో ఒక మాటకి అర్థం చెప్పి, నిఘంటువులోంచి ముక్క చూపించి, చివర 'ఇత్యమరః' అంటాడు. అంటే 'అని అమరకోశం' అని. ఇంకోచోట విశ్వం, మరోచోట యాదవుడు. ఒక్కో ఆధారానికి ఒక్కో పొట్టి పేరు, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు అదే పేరు. పుట సంఖ్య లేదు, అక్కర్లేదు కూడా. చేతిరాత ప్రతుల్లో ఏ రెంటికీ పుటలు కలవవు. పైగా ఆ రోజుల్లో చదువుకున్నవాడికి అమరకోశం కంఠతా వచ్చు. మూలం లేనిదేదీ రాయనని మొదట్లోనే మాటిచ్చి మరీ మొదలుపెట్టాడాయన. ఈ 'మూలం' అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

యూరప్‌లో అదే పని వేరేలా జరిగింది. అక్కడ బైబిలు, రోమన్ చట్టాల ప్రతుల్లో అసలు పాఠం నడిమధ్యన రాసి, చుట్టూ అంచుల్లో వ్యాఖ్యలు నింపేవారు. 13వ శతాబ్దంలో బొలోన్యాలో అక్కూర్సియస్ అనే న్యాయశాస్త్ర పండితుడు రోమన్ చట్టం మీద ఇలాంటి వ్యాఖ్యలు దాదాపు 97 వేలు పోగుచేశాడు. అచ్చు వచ్చాక ఈ అంచుల వ్యాఖ్యలు మెల్లగా పేజీ అడుగుకి దిగాయి. నక్షత్రం, కత్తి, రెండు కత్తులు ఇలా గుర్తులు పెట్టేవారు. పేజీ మారితే మళ్ళీ నక్షత్రం నుంచి మొదలు. అక్షరాలు చేత్తో పేర్చే కాలంలో అదే తెలివైన పని. ఒక నోటు కొత్తగా వచ్చి చేరితే ఆ ఒక్క పేజీ సర్దుకుంటే చాలు, పుస్తకమంతా అంకెలు మార్చక్కర్లేదు. మా భాషలో చెప్పాలంటే లోకల్ వేరియబుల్. ఆ పేజీ దాటితే దానికి ఉనికి లేదు, కాబట్టి ఇంకో పేజీ నుంచి దాన్ని చూపించడం కుదరదు.

1697లో పియేర్ బేల్ అనే ఫ్రెంచి పండితుడి చారిత్రక విమర్శనాత్మక నిఘంటువు వచ్చింది. అందులో పైన రెండు లైన్ల అసలు పాఠం, కింద పేజీ నిండా నోట్లు, ఆ నోట్లకి అంచుల్లో మళ్ళీ నోట్లు. బేల్ పని ఎదుటివాళ్ళ పుస్తకాల్లో తప్పులు పట్టడం. తప్పు పట్టాలంటే ఎవరు ఎక్కడ ఏమన్నారో పక్కనే చూపించాలి కదా.

1776లో ఎడ్వర్డ్ గిబ్బన్ రోమన్ సామ్రాజ్య పతనం మీద మొదటి సంపుటం అచ్చేశాడు. నోట్లన్నీ పుస్తకం చివర పెట్టారు. డేవిడ్ హ్యూమ్ అప్పటికి జబ్బుతో ఉన్నాడు, ఆ ఆగస్టులోనే పోయాడు. అయినా ఏప్రిల్‌లో ఓపిక చేసుకుని ప్రచురణకర్త విలియం స్ట్రాహన్‌కి ఉత్తరం రాస్తూ ఈ సంగతి ఎత్తాడు. అంకె కనిపించిన ప్రతిసారీ పుస్తకం చివరికి తిప్పాల్సి వస్తోంది, తీరా చూస్తే అక్కడ ఒట్టి పుస్తకం పేరే ఉంటోంది, అలాంటివి అంచులోనో పేజీ అడుగునో వెయ్యండి అని దాని సారాంశం. తర్వాతి కూర్పుల్లో గిబ్బన్ నోట్లు పేజీ కిందికి వచ్చాయి. మా అక్క 97వ పేజీ దగ్గర అడిగిందీ అదే కదా! హ్యూమ్‌కి నచ్చనిది అక్కకీ నచ్చలేదు :)

అయితే నోటు పేజీ అడుగునే ఉండాలి, అదే పుస్తకం పేరు మళ్ళీ మళ్ళీ రాస్తే కాగితం దండగ. దీనికి పండితులు పట్టిన దారి లాటిన్ పొట్టిమాటలు. ఐబిడ్ అంటే 'అక్కడే', ఇప్పుడే చెప్పిన పుస్తకంలోనే అని. ఆప్. సిట్. అంటే 'ఇంతకుముందు చెప్పిన గ్రంథంలో'. మన తెలుగు సిద్ధాంత గ్రంథాల్లో 'అదే', 'పైదే' అని వేస్తారు చూడండి, అదీ ఇదే. టైపు మిషన్ మీద థీసిస్ కొట్టిన రోజుల్లో, పేజీ కింద ఎన్ని లైన్లు వదలాలో ముందే లెక్కేసుకోవాల్సిన టైపిస్టుకి ఈ రెండక్షరాలు ఎంత ఉపకారం చేసుంటాయో!

కానీ ఐబిడ్‌లో ఒక ప్రమాదముంది. అది 'మెకంజీ పుస్తకం' అని చెప్పదు, 'నా పైన ఏది ఉందో అది' అని మాత్రమే చెబుతుంది. పైన ఇంకో నోటు దూర్చారనుకోండి, ఐబిడ్ నోరు మెదపకుండా కొత్తదాన్ని చూపిస్తుంది. అక్క మూడో అధ్యాయంలో ఇలాంటివి నాలుగు దొరికాయి. కరువు గురించిన మాటలకి ఆధారంగా నీటిపారుదల మీద రాసిన ఇంకేదో పుస్తకం కనిపిస్తోంది. అమెరికాలో అందరూ ప్రమాణంగా తీసుకునే షికాగో మాన్యువల్ ఆఫ్ స్టైల్ కూడా 2017 నాటి 17వ కూర్పులో ఐబిడ్ తగ్గించి, రచయిత ఇంటిపేరూ పొట్టి శీర్షికా వాడమంది. ఆరువందల ఏళ్ళ తర్వాత మళ్ళీ మల్లినాథుడి పద్ధతే!

సైన్సువాళ్ళు ఇంకో దారి పట్టారు. 1881లో హార్వర్డ్ జంతుశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ గుల్ల లేని నత్త మీద పెద్ద పరిశోధన వ్యాసం రాస్తూ, వాక్యంలోనే పేరూ సంవత్సరమూ ఇచ్చి పూర్తి వివరాలు చివరి జాబితాలో పెట్టాడు. ఇప్పుడు హార్వర్డ్ పద్ధతి అంటున్నదానికి మొదలు అదేనని చెప్తారు. ఇందులో నోటుని మళ్ళీ వాడటమన్న సమస్యే రాదు.

ఇక మన కాలానికొస్తే, ఒకే నోటుని మళ్ళీ వాడటాన్ని మామూలు జనానికి అలవాటు చేసింది వికీపీడియా. 2005 డిసెంబరులో ఐవర్ ఆర్న్‌ఫ్యోర్ద్ బ్యార్మాసన్ అనే ఐస్లాండు ప్రోగ్రామర్ రాసిన సైట్ ఎక్స్‌టెన్షన్ అందులో చేరింది. నోటుకి ఒకసారి పేరు పెడితే, తర్వాత ఆ పేరు చెప్పినచోటల్లా అదే అంకె వస్తుంది. ఇక్కడ కాగితం లేదు, పేజీ అడుగు లేదు, నోట్లన్నీ చివర్నే. తెలుగు వికీపీడియాలో ఆ చివరి భాగానికి పెట్టుకున్న పేరేంటో చెప్పనా? 'మూలాలు'.

అసలు విశేషం ఇంకోటుంది. వికీలో ఒక నోటుని ఐదుసార్లు వాడితే, కింద దాని పక్కన ఏ, బీ, సీ, డీ, ఈ అని ఐదు చిన్న అక్షరాలు వస్తాయి. ఒక్కోటి నొక్కితే పైన దాన్ని వాడిన చోటికి తీసుకెళ్తుంది. ఈ సౌకర్యం రాసేవాడి కోసం పెట్టింది కాదు, చదివేవాడి కోసం. వ్యాసమంతా ఒక్క పుస్తకం మీదే నిలబడిందా, పది పుస్తకాల మీదా అన్నది చూడగానే తెలిసిపోతుంది. ఐబిడ్ ఆ పని చెయ్యదు. నిజానికి దాన్ని మరుగుపరుస్తుంది. పేజీ కింద బారుగా ఐబిడ్‌లు చూస్తే 'అబ్బో, ఎన్ని ఆధారాలో' అనిపిస్తుంది గానీ, ఉన్నది ఒకటే అని ఎంతమందికి తడుతుంది?

కనుమ నాడు సాయంత్రం నాకొక ఆలోచన వచ్చింది. వర్డ్‌లో ఆ ఏ, బీ, సీలు రావు కదా, మనమే లెక్కేస్తే? డాక్స్ ఫైలంటే లోపల జిప్ ఫైలే. విప్పి, ఇరవై లైన్ల పైతాన్ స్క్రిప్టు రాసి, ఐబిడ్‌లన్నీ అసలు పుస్తకాల పేర్లకి మార్చి లెక్కేశాను. అక్కకి చూపించి మార్కులు కొట్టేద్దామని తప్ప వేరే ఉద్దేశం లేదు. మూడో అధ్యాయంలో మొత్తం 74 నోట్లు. మెకంజీ 31. అందులో 19 అక్షరం తేడా లేకుండా ఒకే నోటు.

అక్క చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "కరువు 1832, పుస్తకం 1883" అంది. మధ్యలో యాభై ఏళ్ళు. ఆయన రికార్డులు చూసే రాసుండొచ్చు, కానీ కళ్ళారా చూసినవాడైతే కాదు. తన అధ్యాయంలో సగం ఆయన మాట మీదే నడుస్తోంది, ఆ సంగతి ఆవిడకి కూడా అప్పటిదాకా తెలీదు.

ఆ పూటతో అయిపోలేదు. డొక్కల కరువు గురించి ఎక్కువగా కనబడే అంకె ఒకటుంది. గుంటూరు జిల్లాలో 5 లక్షల మంది ఉంటే 2 లక్షల మంది పోయారని. కొన్ని పుస్తకాల్లో లక్షన్నర అని ఉంటుంది. ఆ వాక్యానికి అక్క ముగ్గురు ఆధునిక రచయితల పుస్తకాలు చూపించింది. ముగ్గురు సాక్షులు కదా అని ధైర్యం. ఆ రాత్రి కూర్చుని ఆ మూడు పుస్తకాల నోట్లు తిరగేస్తే, ఒకదానికి ఆధారం రెండోది, రెండోదానికి ఆధారం ఇంకో పాత పుస్తకం, మూడోదానికి నోటే లేదు. ముగ్గురు సాక్షులు కాస్తా ఒక్కరయ్యారు, ఆ ఒక్కరూ విన్నదే చెప్పారు.

ఇది కొత్త సంగతేమీ కాదట. అక్కే చెప్పింది. 1824లో లియోపాల్డ్ రాంకే అనే జర్మన్ కుర్రాడు తన మొదటి పుస్తకంతో పాటు ఒక విమర్శ గ్రంథం కూడా వేశాడు. ఇటలీ చరిత్రకి తిరుగులేని ఆధారమనుకునే గ్విచ్చార్దీనిని పట్టుకుని, ఆయన తన కాలం గురించే రాసినా చాలా భాగాలు వేరేవాళ్ళ పుస్తకాల్లోంచి తీసుకున్నవని చూపించాడు. అంటే ఆయన్నీ ఆ పుస్తకాలనీ విడివిడి సాక్షులుగా లెక్కేస్తే ఒకరినే రెండుసార్లు లెక్కేసినట్టు. అప్పుడు రాంకే వయసు 28. దాదాపు నా వయసే. నేనేమో జిప్ ఫైలు విప్పి మురిసిపోతున్నాను!

అక్క మటుకు ఆ రాత్రి బాధపడింది. "మరి ఇన్నేళ్ళూ నేను చేసిందేంటిరా" అంది. అటు థీసిస్ ఇవ్వాల్సిన గడువు దగ్గరపడింది. ఆ స్క్రిప్టు రాయకుండా ఉంటే బావుండేదేమో అని నాకూ అనిపించింది. అంకెలు సరిచేసి ఊరుకుంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు, పట్టా కూడా వచ్చేసేది. అమ్మయితే "పండగ పూట దాన్నెందుకురా ఏడిపిస్తావు" అని నన్నే తిట్టింది.

గడువు పొడిగించమని దరఖాస్తు పెట్టుకుని, వేసవి సెలవుల్లో అక్క చెన్నై ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్ళి కూర్చుంది. పాత మద్రాసు ప్రభుత్వపు రెవెన్యూ బోర్డు కాగితాలు అక్కడున్నాయి. కరువు నాటి కలెక్టర్ల ఉత్తరాల కోసం వెళ్ళింది. అక్కడ ఏం దొరికిందో ఆవిడ థీసిస్‌లో ఆవిడే చెప్పాలి, నేను చెబితే బావుండదు. నేను చెప్పగలిగింది ఒకటే. తిరిగొచ్చాక మూడో అధ్యాయం మళ్ళీ రాసింది. 2 లక్షల మంది పోయారన్న వాక్యం తీసెయ్యలేదు. కానీ ఆ మాట ఎవరన్నారో, కరువైన ఎన్నేళ్ళకి అన్నారో, తర్వాత ఎవరెవరు దాన్ని ఎత్తి రాసుకున్నారో నోట్లోంచి తీసి పైన వాక్యంలోకి తెచ్చింది. మెకంజీ పేరు ఇప్పుడు నోట్లలో 12 సార్లే వస్తుంది.

ఇంతకీ అక్క మొదట అడిగినదానికి నేనిచ్చిన జవాబు ఏమైందంటారా? వాడలేదు. ఒక పేజీ నోటు ఇంకో పేజీకి పనికిరాదు కాబట్టి, ప్రతిచోటా 'మెకంజీ, మాన్యువల్' అని పొట్టి పేరు, పుట సంఖ్య వేసుకుంది. ఇత్యమరః లాగే. ఐబిడ్‌లు ఒక్కటీ మిగల్లేదు. మీలో ఎవరైనా థీసిస్ రాస్తుంటే ఆ ఇరవై లైన్ల స్క్రిప్టు కావాలంటే ఇస్తాను. కాకపోతే గడువుకి కనీసం ఆర్నెల్లు ముందు అడగండి.